నేను పోని కొరియా

కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు పెద్దవాళ్ళు ఓపిక పట్టమని, నిజాయితీగా ఉండమని చెబుతుంటారు. అవి మంచివే, కాదనను. కానీ నన్ను ట్రావెల్స్ ఆఫీసులో రిటైరయ్యేదాకా నిలబెట్టింది ఆ రెండూ కాదు, కుళ్ళు. ఇంకొకరు ఊరెళ్తుంటే చూసి ఓర్వలేకపోవడం. సన్మానం రోజున శాలువా కప్పుకుని మైకు ముందు ఈ మాట అనలేకపోయాను కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. మీలో ఎవరైనా టూర్ల పనిలోకి రావాలనుకుంటే ముందే తెలుసుకుని రండి.

మా ఆఫీసు హైదరాబాద్ పాతబస్తీలో, మొఘల్‌పురాలో ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉండేది. వ్యాపారమంతా మక్కా యాత్రకు పోయే ఉమ్రా గ్రూపులూ, గల్ఫ్ టికెట్లూ. మా ఇంట్లో తాతల నాటి నుంచి గుడి సేవ ఉంది. నాకు మంత్రాలు నోటికి రాక టికెట్ల పనిలో పడ్డాను. అయినా మా సేటు నన్ను పంతులూ అనే పిలిచేవాడు. ఉమ్రాకు వెళ్ళేవాళ్ళను బయల్దేరే ముందు ఒకచోట కూర్చోబెట్టి అన్నీ వివరించడం మా దగ్గర ఆనవాయితీ. మతానికి సంబంధించినవి ఒక మౌల్వీ సాబ్ చెప్పేవారు. విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలి, దిగాక ఏ వరుసలో నిలబడాలి, బ్యాగులు ఎక్కడ వస్తాయి, బస్సు ఏ గేటు దగ్గర ఆగుతుంది, ఇవన్నీ నా వంతు. ఎంత కళ్ళకు కట్టినట్టు చెప్పేవాణ్ణంటే, చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవాళ్ళు.

"ఆప్ కిత్తే బార్ గయే సాబ్?"

ఎన్నిసార్లు వెళ్ళొచ్చారు అని. చాలా గ్రూపులను పంపామని చెప్పి మాట దాటేసేవాణ్ణి. మక్కాకు నాలాంటివాళ్ళను రానివ్వరు, అది సరే, దానికి నాకు బాధ లేదు. దుబాయ్, మలేషియా గ్రూపులు కూడా అప్పుడప్పుడు వచ్చేవి. వాటి వెంట సేటు మేనల్లుడు వెళ్ళేవాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొచ్చి, అక్కడ ఎండలు మస్తున్నాయని విసుక్కునేవాడు. ఆ విసుగు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా పాస్‌పోర్టు గడువు తీరినప్పుడల్లా కొత్తది చేయించుకున్నాను. ఏ ఒక్కదాని మీదా ముద్ర పడలేదు. తిరిగొచ్చినవాళ్ళు ఖర్జూరాలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. నవ్వుతూ తీసుకుని, ఇంటికి వెళ్ళే దారంతా వాళ్ళ మీద కుళ్ళుకుంటూ వాటినే తినేవాణ్ణి.

అలా రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజుల్లో ఒక సిస్టరమ్మ మా మెట్లెక్కి వచ్చింది. సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సుగా చేసి దిగిపోయింది. ఉప్పుగూడలో ఉంటుంది, అంటే మా పేటే. కానీ అంతకుముందు పరిచయం లేదు. ఆమె వెంట ఆమె చెల్లెలు, ఎదురింటి టైలరమ్మ, రైల్వేలో గుమాస్తాగా చేసిన ఇంకొకావిడ. నలుగురూ రోజూ ఒకరింట్లో కూర్చుని కొరియా సీరియళ్ళు చూస్తారట. చూసి చూసి ఇక ఆగలేక వచ్చామన్నారు.

"మాకు కొరియా పోవాలె సార్. బస్సుల కూసోవెట్టి, దింపి, ఫొటో దిగుండ్రి అనే టూరు గాదు. ఆళ్ళు ఎట్ల బతుకుతరో జూడాలె. ఆ కొండలు, ఆ సముద్రం జూడాలె. మా తీరుగ జేసియ్యుండ్రి" అంది సిస్టరమ్మ.

ఆ మాట వింటూనే నా లోపల ఒక లెక్క నడిచింది. ఇది ఉమ్రా కాదు. సేటు మేనల్లుడికి ముసలావిడల వెంట తిరిగే ఓపిక లేదు. నలుగురూ మొదటిసారి విమానమెక్కేవాళ్ళు, తోడు ఒకరు వెళ్ళాల్సిందే. అంటే ఈ టూరు నాది.

అంతలో నా పక్క టేబుల్ దగ్గర కూర్చునే అమ్మాయి లేచి నిలబడి, నడుము వంచి, కొరియా భాషలో ఏదో పలకరించింది. నలుగురు ఆడవాళ్ళూ ఒక్కసారిగా లేచి తిరిగి నడుము వంచారు. ఆ తర్వాత అరగంట నా వంక చూసినవాళ్ళు లేరు.

ఆ అమ్మాయి గురించి చెప్పాలి. యాకుత్‌పురా నుంచి వచ్చేది. చేరి ఏడాది కూడా కాలేదు. టికెట్ రాయడం నేనే నేర్పాను. సీరియళ్ళు చూస్తూ ఆ భాష చదవడం, నాలుగు మాటలు మాట్లాడటం తనంతట తానే నేర్చుకుంది. పనిలో చురుకు, మాట మెత్తన. ఇవన్నీ ఇప్పుడు నింపాదిగా చెబుతున్నాను కానీ, ఆ రోజు ఆమె అలా వంగి లేవడం చూస్తే నాకు కడుపులో భగ్గుమంది. నేను ఇన్నేళ్ళు ఎదురుచూసిన సీటులో నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల రుమాలు వేసినట్టు అనిపించింది.

సేటుకు మా ఇద్దరి ముఖాలూ అర్థమయ్యాయి. వ్యాపారస్థుడు కదా, దాన్ని కూడా పందెం చేశాడు.

"పంతులూ, నువ్వొక ప్లాన్ జెయ్. బేటీ, నువ్వొకటి జెయ్. అమ్మలకు ఎవరిది పసందైతే వాళ్ళే వెంట పోవాలె. బస్, లొల్లి ఖతం" అన్నాడు.

నేను నాకు తెలిసిన పద్ధతిలో చేశాను. మన తెలుగువాళ్ళ గ్రూపు ఎక్కడికి వెళ్ళినా వెంట వంటమనిషి ఉండాలి. పప్పు, పచ్చడి, బియ్యం, పెద్ద కుక్కరు అతనితో వెళ్ళాలి. పొద్దున ఉప్మా, రాత్రి అన్నం. మధ్యలో సియోల్, బుసాన్, ఒక పెద్ద బస్సు, అందరికీ ఒకే రంగు బ్యాగులు, మెడలో కార్డులు. ఎవరూ తప్పిపోరు, ఎవరి కడుపూ చెడదు. అందులో లోపం ఏమిటో నాకిప్పటికీ పెద్దగా కనిపించదు.

ఆమెది చూశాను. దొంగతనంగా కాదు, టేబుల్ మీద తెరిచి పెట్టి టీకి వెళ్తే నా కళ్ళు ఎక్కడ పెట్టుకోను? సియోల్‌లో పాత రాజుల కోటలు, వాటి పక్క సందుల్లో చెక్కా పెంకులతో కట్టిన పాతకాలపు ఇళ్ళు. అక్కడి నుంచి రైల్లో గ్యోంగ్జు అనే ఊరు. ఆ ఊరి మధ్యలో పూర్వపు రాజుల సమాధులు పచ్చగడ్డి కప్పుకున్న గుట్టల్లా ఉంటాయట, జనం వాటి పక్క నుంచే బజారుకు పోతారట. దగ్గర్లోని కొండ మీద బౌద్ధుల గుడి. బస ఒక ముసలావిడ ఇంట్లో, నేల మీద పరుపులు. ఆఖర్న జెజు దీవి. చల్లారిన అగ్నిపర్వతం, నల్లరాళ్ళ ఒడ్డు, ఆక్సిజన్ సిలిండర్ లేకుండా సముద్రంలో మునిగి గవ్వలూ నాచూ ఏరుకొచ్చే ముసలి ఆడవాళ్ళు. చదువుతుంటే నాకే ఇప్పుడే లేచి పోవాలనిపించింది. అంత బాగుంది కాబట్టే అందులో తప్పు దొరికేదాకా నిద్ర పట్టలేదు.

దొరికింది. పాతబస్తీలో టికెట్లు కొట్టేవాడు ఏ ప్రయాణానికైనా ముందు పండుగలు చూసుకుంటాడు. రంజాన్ ఎప్పుడు, బోనాల ఊరేగింపు ఎప్పుడు, ఏ రోజు ఏ రోడ్డు మూస్తారు, ఇవి చూడకుండా మేము ఎవరికీ టాక్సీ కూడా చెప్పం. కొరియాలో పెద్ద పండుగ చూసొక్ అని, అది పున్నమికి వస్తుందని చదివాను. తిథి ప్రకారం వచ్చే పండుగ కాబట్టి మన పండుగల్లాగే తేదీ ఏటా మారుతుంది. ఆ అమ్మాయి పోయిన ఏడాది తేదీ చూసుకుని, పండుగ ముగిశాకే గ్యోంగ్జు అనుకుంది. నేను ఇంట్లో గోడకున్న పంచాంగం క్యాలెండరు తిప్పాను. భాద్రపద పున్నమి సరిగ్గా వాళ్ళు గ్యోంగ్జులో ఉండే రోజుల మధ్యకు వచ్చి కూర్చుంది. ఇంకోసారి ఇంటర్నెట్లో సరిచూసుకున్నాను. ఆ నాడు దేశమంతా సొంతూళ్ళకు పోతుంది, రైళ్ళలో సీట్లుండవు, చిన్న హోటళ్ళు మూసేస్తారు.

ఆమెను పక్కకు పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు. నలుగురి ముందు చెబితేనే కదా దానికి విలువ.

ఒక శనివారం ఆ నలుగురూ వచ్చారు. సేటు టీలు తెప్పించాడు. ముందు నా ప్లాను విన్నారు. వంటమనిషి మాట రాగానే రైల్వే ఆవిడ టైలరమ్మను మోచేత్తో పొడిచి నవ్వింది. తర్వాత ఆ అమ్మాయి చెప్పింది. గడ్డి గుట్టల దగ్గరకు వచ్చేసరికి నలుగురూ కుర్చీల అంచుకు జరిగారు. ముత్తవ్వలు సముద్రంలో దూకుతారన్నప్పుడు సిస్టరమ్మ కళ్ళు మెరిశాయి. అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను.

ఆ రోజుల్లో అక్కడ ఏమీ తెరిచి ఉండదని, పున్నమి పండుగ అని, రైళ్ళు దొరకవని, వీళ్ళకు పచ్చి మంచినీళ్ళు ఇచ్చే దిక్కు కూడా ఉండదని చెప్పాను. రంజాన్ నెలలో పగలు మన గల్లీలో చాయ్ దొరుకుతుందా అని ఒక ఉదాహరణ కూడా పడేశాను. ఆ అమ్మాయి తన కాగితం వంక, ఫోను వంక చూసుకుంది. ముఖంలో రక్తం లేదు. సేటు గడ్డం గోక్కున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు చాలా హాయిగా ఉంది.

"గా పండుగ నాడు ఆళ్ళేం జేస్తరు సార్?" అని సిస్టరమ్మ నన్నే అడిగింది.

తప్పు పట్టినవాణ్ణి నేనే కాబట్టి జవాబు కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ తప్పు వెతకడానికి ఎంత చదివానో అంతా నా నోటి చివరే ఉంది. పండుగకు ముందు పెద్దల సమాధుల మీద పెరిగిన గడ్డి కోస్తారని చెప్పాను. పండుగ పొద్దున కొత్త పంటతో వండి, చనిపోయిన పెద్దల పేరు మీద పళ్ళెంలో పెట్టి సాగిలపడతారని చెప్పాను. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని బియ్యప్పిండితో అర్ధచంద్రుడిలా కుడుములు చేస్తారని, లోపల నువ్వులూ తీపీ పెట్టి, దేవదారు లాంటి చెట్టు ఆకులు పరిచి ఆవిరి మీద ఉడికిస్తారని చెప్పాను. సాయంత్రం అందరూ వాకిట్లోకి వచ్చి చంద్రుడి కోసం నిలబడతారని చెప్పాను. ఉమ్రా గ్రూపులకు చెప్పి చెప్పి నాకు అలవాటైపోయింది. మొదలుపెడితే ఆగను.

"పెత్రమాసకు మనం పెద్దలకు బియ్యమిచ్చినట్టే గద" అంది రైల్వే ఆవిడ మెల్లగా.

"మా చర్చోళ్ళకు సమాధుల పండుగ లేదా. నేను మా ఆయన గోరీ మీద గడ్డి పీకి, కడిగి, పూలు వెడ్త" అంది సిస్టరమ్మ. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగింది. "గదే రోజులల్ల పంపు బిడ్డా. తేదీ మార్చకు. అన్నీ బందున్నా ఏం గాదు. ఆళ్ళ పండుగ జూడనీకె దొరికితే ఇంకేం గావాలె?"

అలా ఆమె ప్లానును నేనే దగ్గరుండి అమ్మిపెట్టాను. సేటు చప్పట్లు కొట్టి, బేటీ, నువ్వే వెంట పోవాలె అన్నాడు. ఆ అమ్మాయి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. నాకైతే అక్కడి నుంచి లేచి మెట్లు దిగి పోవాలనిపించింది. చేతిలో టీ చల్లారిపోయింది, దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు.

సిస్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవ్వరొద్దు సార్. బిడ్డా, నువ్వు బాధపడకు. దవాఖానల పొద్దుమాపు మందిని పట్టుకోని లేపిన, పట్టుకోని నడిపిచ్చిన. ఇంట్ల గూడ గంతే. గీ ఒక్కపారి మమ్ములనెవ్వలు పట్టుకోవద్దు. తప్పిపోతే తప్పిపోతం."

సేటు నచ్చజెప్పబోయాడు. ఆమె వినలేదు. మిగతా ముగ్గురూ ఆమె వెనకాలే. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి, నేను టేబుళ్ళ దగ్గర ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నాం. కాసేపటికి ఆమె బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసింది. కొత్తది, అట్ట ఇంకా గట్టిగా ఉంది.

"పోయిన వారమే వచ్చింది సార్. అమ్మకు గూడ చెప్పేసిన, పోతున్నా అని" అంది.

నా సొరుగు లాగి నా పాస్‌పోర్టు దాని పక్కన పెట్టాను. రెండింట్లోనూ పేజీలు తెల్లగా ఉన్నాయి. నా మీద ఆమెకు కోపం ఉండాలి, ఉంది కూడా. కానీ అంతకంటే పెద్ద కోపం మా ఇద్దరికీ ఆ నలుగురి మీద వచ్చింది. కలిసి ఒకరి మీద కుళ్ళుకుంటే ఎంత త్వరగా దోస్తీ కుదురుతుందో ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత ప్లాను ఇద్దరం కలిసే సరిచేశాం. ఊరేగింపు నాడు మా దగ్గర ఎవరూ బండి బయటికి తీయరు, ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉంటారు. అదే సూత్రం కొరియాకూ పెట్టాను. పండుగ రద్దీ మొదలయ్యే ముందే గ్యోంగ్జుకు చేరాలి, అన్నీ తెరుచుకున్నాకే కదలాలి, మధ్యలో ఆ ఒక్క ఊళ్ళోనే కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఆ అమ్మాయి బస ఇచ్చే ముసలావిడకు వాళ్ళ భాషలో రాసి, పండుగకు ఇల్లు మూస్తావా అమ్మా అని అడిగింది. మా కొడుకులు వస్తారు, మీవాళ్ళకు ఒక గది మిగులుతుంది, రమ్మను అని జవాబొచ్చింది. మా దగ్గర కూడా అన్నీ మూసిన రోజునే ఎవరో ఒకరు ఇంట్లోకి పిలిచి ఇంత పెడతారు, కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. కుళ్ళు మాత్రం కలిగింది.

బయల్దేరే ముందు ఉప్పుగూడలో సిస్టరమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. రైలు ప్లాట్‌ఫారం మీద గీతలు ఎక్కడుంటాయి, చెప్పులు ఎక్కడ విప్పాలి, పెద్దవాళ్ళ చేతికి ఏదైనా ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఎలా ఇవ్వాలి. ఒక చిన్న సీసాలో పచ్చడి మాత్రం పట్టుకెళ్ళమన్నాను. దానికి ఒప్పుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక ఫోటోలు మొదలయ్యాయి. పొద్దున ఆఫీసు తెరిచేసరికి ఫోను నిండా అవే. కోట ముందు నలుగురూ అద్దెకు తీసుకున్న కొరియా గౌన్లలో. గడ్డి గుట్టల పక్కన టైలరమ్మ ఎవరిదో జాకెట్టు కుట్టు పట్టుకుని పరీక్షగా చూస్తూ. ఆ అమ్మాయి కుర్చీ నా టేబుల్ దగ్గరకు లాక్కుని కూర్చునేది. ఒక్కో ఫోటోలో ఏదో ఒక వంక వెతికేవాళ్ళం. మబ్బు పట్టిందనేవాణ్ణి నేను. లైటింగ్ బాగాలేదనేది ఆమె.

పున్నమి నాడు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. వాకిట్లో ఆ ఇంటి ముసలావిడ, ఆమె కొడుకులు, కోడళ్ళు, పిల్లలు, వాళ్ళ మధ్యలో మన నలుగురు. సిస్టరమ్మ చేతుల నిండా పిండి. పొద్దున వాళ్ళ పెద్దలకు పళ్ళెం పెట్టినప్పుడు ఆ ముసలావిడ తననూ పిలిచిందట. భాష రాదు, మతం వేరు, అయినా పక్కన నిలబడి తన భర్తను తలుచుకుని తల వంచిందట. ఆ వెంటనే, మీరు చెప్పినట్టే కుడుములు జేసిండ్రు సార్ అంటూ ఫోను పైకెత్తింది.

పెంకుల కప్పు పైన పెద్ద చంద్రుడు. వాళ్ళ దగ్గర మాకంటే మూడున్నర గంటలు ముందే పొద్దుపోతుంది. మా కిటికీ బయట ఎండ మండిపోతోంది, కింద రోడ్డు మీద హారన్లు. ఆ అమ్మాయి, నేను ఒక ఫోను మీద రెండు తలలు పెట్టి ఆ చంద్రుణ్ణి చూశాం. ఈసారి వంక వెతకడానికి కూడా ఏమీ దొరకలేదు.

సాయంత్రం ఆఫీసు మూసి ఇద్దరం యాకుత్‌పురా స్టేషన్ దాకా నడిచాం. నేను అక్కడే లోకల్ రైలెక్కి ఉప్పుగూడలో దిగుతాను, ఆమె ఇల్లు స్టేషన్ వెనకే. పట్టాల చివర వైర్ల మధ్య నుంచి చంద్రుడు లేచాడు. ఆమె ఆగి చూసింది.

"ఆళ్ళు జూసి ఇడిసిపెట్టినంక మనకొచ్చిండు సార్" అంది.

నా జీవితంలో ఎవరూ నా మనసులో మాట అంత సూటిగా అనలేదు.

వాళ్ళు తిరిగొచ్చి ఆఫీసుకు వచ్చారు. ఎండబెట్టిన సముద్రపు నాచు పొట్లాలు తెచ్చారు. నేను దారంతా అది నములుతూ ఇంటికి వెళ్ళాను. ఖర్జూరం అంత తియ్యగా లేదు కానీ కుళ్ళుకోవడానికి బాగానే పనికొచ్చింది. కొన్నాళ్ళకు రిటైరయ్యాను.

ఈ మధ్య ఆ అమ్మాయి ఫోన్ చేసింది. సిస్టరమ్మ చెప్పిన కబుర్లు విని పేటలో ఇంకో పదిమంది తయారయ్యారట. వీళ్ళకు తోడు కావాలట. వెంట తనే వెళ్తోందట. చెప్పేటప్పుడు సంతోషాన్ని దాచుకోవడానికి ఎంత కష్టపడిందో నాకు వినిపించింది. ఆ కష్టం నా కోసమే. అందుకు ఆమె మీద ప్రేమ కలిగింది, దానితో పాటే పాత మంట కూడా రేగింది. బయల్దేరే ముందు మీటింగులో మీరే చెప్పాలి సార్, నాకు మీలా చెప్పడం రాదు అంది.

వెళ్ళాను. బెల్టు దగ్గర మొదలుపెట్టి, గీతల దగ్గర నిలబెట్టి, చెప్పులు విప్పించి, గడ్డి గుట్టల పక్క నుంచి నడిపించి, ముసలావిడ వాకిట్లో కుడుముల ముందు కూర్చోబెట్టి చంద్రుణ్ణి చూపించాను. అందరూ కదలకుండా విన్నారు. ముందు వరుసలో ఒక కొత్త పెళ్ళికూతురు చెయ్యెత్తింది.

"సార్, కొరియా మీరు ఎన్నిసార్లు పోయొచ్చిండ్రు?"

మూల నిలబడ్డ ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఎప్పటిలా మాట దాటేస్తాననుకుంది.

"ఒక్కపారి గూడ పోలేదమ్మా. పోయినోళ్ళను జూసి కుళ్ళుకుంట కుళ్ళుకుంట నేర్చుకున్న" అన్నాను.

అందరూ పరాచికం అనుకుని నవ్వారు. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు.